మాఘంలో పూయని మల్లె

అనగనగా, వానలూ ఎండలూ ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగకుండా తమ దారిన తాము వచ్చిపోయే కాలంలో, మణిగిరి అనే పట్టణం ఉండేది.

ఆ పట్టణంలో ఇల్లంటే పెరడు ఉండాల్సిందే. పెరట్లో ఒక పక్క కూరపాదులు, ఒక పక్క పూలమొక్కలు. పొద్దున కోసిన బీరకాయ మధ్యాహ్నానికి విస్తట్లోకి వచ్చేది. సాయంత్రం కోసిన పూలు తలల్లోకి వెళ్ళేవి. కూరగాయలు కొనుక్కోవడమన్నది ఆ ఊరివాళ్ళకు తెలియదు. పెరడు పండితే తిన్నారు, పండకపోతే పస్తున్నారు.

తూర్పు వీధి చివరింట్లో నాంచారమ్మ ఉండేది. ఆమెకు అరవై ఏళ్ళు దాటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆమె తండ్రి తాటాకుల మీద గ్రంథాలు రాసే లేఖకుడు. కూతురికి కూడా గంటం పట్టడం నేర్పాడు. గ్రంథాలు రాయడానికి ఆమెను ఎవరూ పిలవలేదు. అందుకని ఆమె తన పెరటి సంగతులు రాసుకునేది. ఏ కార్తెలో మొదటి వాన పడింది, ఏ రోజున పొట్లతీగ పందిరెక్కింది, చేమంతి మొగ్గ ఎప్పుడు వేసింది, వంగకు పురుగెప్పుడు పట్టింది, అన్నీ రాసేది. నలభై ఏళ్ళుగా ఒక్కరోజు మానలేదు.

జరిగింది జరిగినట్టే రాసేది. "ఆనపపాదు చచ్చింది. నీళ్ళు ఎక్కువ పోశాను. తప్పు నాదే" అని రాసేది. "చేమంతులకు పేను పట్టింది. ముందే చూడాల్సింది, బద్ధకించాను" అని రాసేది.

ఆ రాజ్యాన్ని ప్రతాపకేతుడు అనే రాజు ఏలేవాడు. చెడ్డవాడు కాదు. కానీ లోకంలో ప్రతిదీ తన ఆజ్ఞ ప్రకారం నడవాలని ఆయన కోరిక. నగారా మోగితే కోట తలుపులు తెరవాలి, నగారా మోగితే అంగళ్ళు మూయాలి. అన్నీ ఇలా నడుస్తుంటే పెరళ్ళు మాత్రం ఎందుకు ఇష్టం వచ్చినట్టు పూసి కాయాలి అని ఆయనకు ఒకనాడు తోచింది.

రాజోద్యానానికి అధికారి విరూపాక్షుడు. తలకు పట్టు పాగా చుట్టేవాడు, కాలికి మట్టి అంటనిచ్చేవాడు కాదు. రాజుగారి ఆలోచన విని, ఋతువులు కూడా ప్రభువుల సేవకులేనన్నాడు. నెల తిరగకముందే కాలపత్రం ఒకటి రాసి సభలో చదివాడు. ఏ రోజున ఏ గింజ వెయ్యాలి, ఏ రోజున ఏ పువ్వు పూస్తుంది, ఏ రోజున ఏ పాదు పీకెయ్యాలి, అన్నీ అందులో ఉన్నాయి. రాజు సంతోషించాడు. కాలపత్రం ప్రకారం నడవని పెరడు ఊళ్ళో ఉండకూడదని దండోరా వేయించాడు.

ఆ ఏడు రోహిణి కార్తెలో ఒక సాయంత్రం పెద్ద గాలి వీచి, జల్లు పడింది. మర్నాడు పొద్దున్నే దండోరా వచ్చింది. కాలపత్రంలో విత్తనాల రోజు అదే. బీర, ఆనప, చిక్కుడు, గోంగూర, బంతి, అన్ని గింజలూ ఆ రోజే వెయ్యాలి. మధ్యాహ్నానికల్లా ఊరంతా పెరళ్ళలో వంగి గింజలు వేసింది.

నాంచారమ్మ మట్టిలో వేలు పెట్టి చూసింది. పైన కణుపు లోతు తడి. కింద మట్టి ఇంకా పొయ్యి మీద పెనంలా వేడిగానే ఉంది. లోపలికి వెళ్ళి పాత తాటాకులు తిరగేసింది. ఇలా రోహిణిలో జల్లు పడిన ఏళ్ళు చాలా ఉన్నాయి. ఆ తర్వాత పది పన్నెండు రోజులు నిప్పులు కురిసే ఎండలు కాశాయని కూడా ఉంది. ఆమె గింజల మూట విప్పలేదు.

పక్కింటి లచ్చుమమ్మ దడి మీదుగా చూసింది. లచ్చుమమ్మకు నలుగురు పిల్లలు, మంచాన పడిన అత్తగారు. రాజుగారి మాట కాదంటే తన గతేమిటని ఆమె భయం. నాంచారమ్మ గింజలు వెయ్యకపోవడం చూసి ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. వేసినట్టు నటించి మట్టి కెళ్ళగించి ఊరుకోమని బతిమాలింది.

"వేస్తే వేసినట్టు, లేకపోతే లేనట్టు. నటించడం దేనికే" అంది నాంచారమ్మ.

సాయంత్రం విరూపాక్షుడు భటులతో వచ్చాడు. ఎందుకు వెయ్యలేదని అడిగాడు. మట్టి ఇంకా తడవలేదని ఆమె చెప్పింది. రాజాజ్ఞ కంటే మట్టి గొప్పదా అని ఆయన అడిగాడు. గింజ మొలిచేది మట్టిలోనే కదా అని ఆమె అంది. విరూపాక్షుడు దడి పీకించేశాడు. వీధి మేకలు లోపలికొచ్చి నందివర్ధనాలూ కనకాంబరాలూ మొదళ్ళ దాకా తినేశాయి.

నాంచారమ్మ ఆ మోడులను చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత కత్తి పట్టుకుని ఊరి బయటికి వెళ్ళి రేగుకంప కొట్టుకొచ్చింది. చేతులు గీరుకుపోయాయి. మూడు రోజుల్లో కంచె మళ్ళీ లేచింది.

నాలుగోనాటి నుంచి ఎండలు మొదలయ్యాయి. ఊరంతా మొలకలు లేచాయి, లేచినవి లేచినట్టే మాడిపోయాయి. జనం బావులు అడుగంటేదాకా నీళ్ళు తోడిపోసినా ఒక్క మొలకా నిలవలేదు. పదమూడోనాటికి అసలు వాన వచ్చింది. నాంచారమ్మ వేలు పెట్టి చూసింది. జానెడు లోతు చల్లగా ఉంది. అప్పుడు గింజలు వేసింది.

మిగతా ఇళ్ళలో వెయ్యడానికి గింజలే లేవు. నాంచారమ్మ తన మూటలో సగం లచ్చుమమ్మకు ఇచ్చింది. తక్కిన సగంలో తనకు కావలసినవి ఉంచుకుని వీధిలో పంచింది. అలా ఆ ఏడు తూర్పు వీధిలోనైనా పందిళ్ళు పచ్చబడ్డాయి.

విరూపాక్షుడు మాత్రం రాజుగారికి వేరే విధంగా చెప్పాడు. కాలపత్రంలో దోషం లేదనీ, జనానికే గింజలు వెయ్యడం చేతకాలేదనీ అన్నాడు. రాజు నమ్మాడు.

వానలు వెళ్ళి ఆశ్వయుజం వచ్చింది. తూర్పు వీధిలో చిక్కుడు తీగలు దడులెక్కి, పందిళ్ళెక్కి, ఇంటి చూరుల మీదికి పాకాయి. ఆకు తప్ప ఒక్క పువ్వు లేదు. కాలపత్రంలో భాద్రపదానికే చిక్కుడు కాయాలని రాసి ఉంది. కాయలేదు కాబట్టి అవన్నీ గొడ్డు తీగలనీ, పీకి పారేసి వాటి చోట బంతి నాటాలనీ దండోరా వచ్చింది.

పెరట్లో ఏది ఎందుకు పూయలేదో జనానికి తెలియకపోలేదు. కానీ పీకేసిన దడిని అందరూ చూశారు. తీగలు పీకేశారు. నాంచారమ్మ ఇచ్చిన గింజలతో లేచిన తీగలను లచ్చుమమ్మ కూడా పీకేసి, చాలాసేపు గుమ్మంలో కూర్చుండిపోయింది.

నాంచారమ్మ పీకలేదు. ఈసారి భటుల నాయకుడు వచ్చి కొడవలి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని తిరిగి అతని చేతిలో పెట్టింది. మంచు పడనిదే చిక్కుడు పూయదనీ, ఇంకో నెల ఆగితే కోసినకొద్దీ కాస్తుందనీ చెప్పింది. కావాలంటే తనను పట్టుకుపొమ్మనీ, తీగ మీద మాత్రం చెయ్యి వెయ్యొద్దనీ అంది. ఆ వీధిలోనే ఉన్న ఆ నాయకుడి ఇంట్లోనూ చిక్కుడు తీగ ఉండేది. దాన్ని ఆ పొద్దునే అతని భార్య ఏడుస్తూ పీకింది. అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు విరూపాక్షుడు ఇంకో శిక్ష వేశాడు. వీధి బావిలో నాంచారమ్మ చేద వెయ్యకూడదు. బావి దగ్గర ఒక భటుణ్ణి కూర్చోబెట్టాడు.

ఊరి బయట వాగుంది. పోను అరకోసు దూరం, రాను అరకోసు దూరం. అరవై దాటిన మనిషి రోజుకు నాలుగుసార్లు బిందె చంకనెత్తుకుని నడిచింది. నడుము పట్టేసింది. ఒకరోజు తిరిగి వస్తూ వీధి మధ్యలో కూలబడి, చాలాసేపు లేవలేకపోయింది. జనం గుమ్మాల్లోంచి చూశారు గానీ దగ్గరికి రాలేదు.

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం, బావి దగ్గర భటుడు కునుకు తీస్తున్న వేళ, కంచె మీదుగా నీళ్ళ బిందె ఒకటి ఇటు దిగింది. అవతల లచ్చుమమ్మ నిలబడి ఉంది.

"భయంగానే ఉంది అత్తా" అంది. "అయినా చూస్తూ ఊరుకోలేను."

నాంచారమ్మ బిందె అందుకుంది. ఖాళీ చేసి ఇచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం బిందె వచ్చింది.

కార్తికం సగమయ్యేసరికి మంచు మొదలైంది. వారం తిరగకుండా నాంచారమ్మ పందిరంతా ఊదారంగు పువ్వులు. మార్గశిరంలో గుత్తులు గుత్తులుగా కాయలు. కోసి బుట్టలకెత్తి, వీధి వీధంతా పంచింది. పీకేసిన తీగలు గుర్తొచ్చి కొందరు తీసుకోవడానికి సిగ్గుపడ్డారు. వాళ్ళ గుమ్మాల్లో బుట్ట పెట్టి ఆమె వచ్చేసింది. ఇంటికొచ్చి, నీళ్ళు చాలక రెండు వంగమొక్కలు చచ్చిన సంగతి కూడా ఆకు మీద రాసుకుంది.

ఇంతలో పెద్ద వార్త వచ్చింది. పొరుగు దేశపు రాజు ధర్మసేనుడు మాఘ పౌర్ణమి నాడు మణిగిరికి అతిథిగా వస్తున్నాడు. ధర్మసేనుడు వయసులో పెద్దవాడు. ఆయన ముందు గొప్పగా కనబడాలని ప్రతాపకేతుడు ఒక మాట రాసి పంపాడు. తన రాజ్యంలో ఋతువులు సైతం తన ఆజ్ఞకు లోబడతాయనీ, మాఘంలోనే మల్లెలు పూస్తాయనీ, వచ్చి చూడమనీ రాశాడు. కాలపత్రంలో అలాగే ఉంది మరి.

పుష్యం వెళ్ళి మాఘం వచ్చింది. మల్లెతీగలు ఎండుపుల్లల్లా ఉన్నాయి. విరూపాక్షుడికి చెమటలు పట్టాయి. బొమ్మలు చేసేవాళ్ళను పిలిపించి, బెండుతో తెల్లటి మల్లెలు బుట్టలకొద్దీ చేయించాడు. ఊరేగింపు వచ్చే వీధుల్లో ఇంటికో బుట్ట పంచి, పౌర్ణమి పొద్దుటికి తీగల నిండా దారంతో కట్టాలని ఆజ్ఞాపించాడు.

అందరూ కట్టడానికి ఒప్పుకున్నారు. నాంచారమ్మ బుట్టను గుమ్మం బయటే ఉంచేసింది.

ఈసారి విరూపాక్షుడు ఒంటరిగా వచ్చాడు. గొంతు తగ్గించాడు. పీట వేస్తే కూర్చున్నాడు. పూలు కడితే బంగారు కంకణం ఇస్తానన్నాడు. రాజోద్యానంలో కొలువిప్పిస్తానన్నాడు. బావి నీళ్ళు రేపటి నుంచే తోడుకోవచ్చన్నాడు. నాంచారమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఒక్క పూట కట్టు. అతిథి వెళ్ళగానే తీసెయ్యి" అన్నాడు.

"ఆ ఒక్క పూట సంగతి ఆకు మీద ఏమని రాసుకోను అయ్యా?"

"రాయకు."

"నలభై ఏళ్ళుగా రాయని రోజు లేదు."

విరూపాక్షుడి ముఖం మారిపోయింది. లేచి, బావి దగ్గరి భటుణ్ణి పిలిచి, లోపలున్న తాటాకుల కట్టలన్నీ మూట గట్టించాడు. అతిథి వెళ్ళిన మర్నాడు వీటిని తగలబెడతానన్నాడు. ఆమెను ఊరి పొలిమేర దాటిస్తానన్నాడు.

నాంచారమ్మ ఆ మూట వైపు చూసింది. తలుపు పట్టుకుని నిలబడింది. అయినా ఆయన కళ్ళలోకి చూసింది.

"తగలబెట్టుకోండి. ఆకులున్నా లేకపోయినా మల్లె చైత్రంలోనే పూస్తుంది" అంది.

ఆయన వెళ్ళాక ఆమె మల్లెతీగ పక్కన కూర్చుంది. నిజానికి పూలు కట్టడం ఎంతసేపు? కడితే ఇల్లు నిలుస్తుంది, ఆకులు నిలుస్తాయి. ఎవరికి నష్టం? అలా అనుకుంటూ చాలాసేపు కూర్చుంది. అప్పుడు కంచె అవతల లచ్చుమమ్మ కూతురొకతె బెండుపూలు ఏరుకుంటూ, మాఘంలో మల్లెలు పూస్తాయట అని చెల్లెలికి చెబుతోంది. ఆ పిల్ల రేపు పెద్దదై ఆ మాట నమ్ముకుని మట్టిలో గింజ వేస్తుంది. ఆ గింజ మాడిపోతుంది. ఆ ఇల్లు పస్తుంటుంది. నాంచారమ్మ లేచి, చీర దులుపుకుని, పనిలో పడింది.

మాఘ పౌర్ణమి పొద్దున ఊరేగింపు బయల్దేరింది. ముందు బాజాలు, వెనక ఏనుగు మీద ఇద్దరు రాజులు. వీధికి రెండు పక్కలా తీగల నిండా తెల్లటి పూలు. ప్రతాపకేతుడు గర్వంగా చూపిస్తూ వస్తున్నాడు. ధర్మసేనుడు తల ఊపుతున్నాడు గానీ పెద్దగా మాట్లాడటం లేదు.

తూర్పు వీధి చివరికి వచ్చేసరికి ఏనుగు ఆగింది. వీధంతా తెల్లగా ఉంటే ఒక్క గుమ్మం దగ్గర మాత్రం మోడుగా, ఆకు లేకుండా మల్లెతీగ ఉంది. దాని పక్కన నాంచారమ్మ నిలబడి ఉంది.

ప్రతాపకేతుడి ముఖం ఎర్రబడింది. అతిథి ముందు తల తీసేసినట్టయింది ఆయనకు. కిందికి దిగి వచ్చాడు.

"నీ తీగ ఎందుకు పూయలేదు?"

"ఇది మాఘం కాబట్టి, మహారాజా."

"మిగతావన్నీ పూశాయి. నీ తీగ మాత్రం నన్ను ఎదిరిస్తుందా?"

"నా తీగ ఎవరినీ ఎదిరించడం లేదు. దానికి మీ దండోరా వినబడలేదు. మిగతా తీగల సంగతి నన్ను అడక్కండి. వాటి యజమానులే చెప్పాలి."

బాజాలు ఆగిపోయాయి. విరూపాక్షుడు ముందుకు వచ్చి, ఈ ముసలిది క్షుద్రవిద్యతో తన తీగను ఎండబెట్టుకుందనీ, రాజుగారి పరువు తీయడానికే ఇలా చేసిందనీ గబగబా చెప్పాడు.

అప్పుడు పక్కింటి గుమ్మంలోంచి లచ్చుమమ్మ బయటికి వచ్చింది. తన తీగ నుంచి ఒక పువ్వు తెంపింది. దారం కూడా దానితో వచ్చింది. దాన్ని తెచ్చి రాజుగారి చేతిలో పెట్టింది.

"మా తీగా పూయలేదు మహారాజా. ఇది బెండు. భయపడి కట్టాను" అంది.

ఎదురింటి ముసలాయన కూడా తన తీగ నుంచి పూలు లాగేశాడు. తర్వాత ఆ పక్కింటివాళ్ళు, ఆ తర్వాత వెనకింటివాళ్ళు. ఎవరూ అరవలేదు. వీధి పొడుగునా తెల్లటి బెండుపూలు రాలి పడ్డాయి, తీగలన్నీ మోడులై నిలబడ్డాయి.

ధర్మసేనుడు ఏనుగు మీద నుంచే మెల్లగా అన్నాడు. కోట దగ్గర నుంచి ఇన్ని మల్లెలు చూస్తున్నా ఒక్క చోటా వాసన రాలేదని తాను పొద్దుటి నుంచీ ఆశ్చర్యపోతున్నాడట.

ప్రతాపకేతుడికి భూమి చీలితే బాగుండునని అనిపించింది. ఎవరి మాట నమ్మాలో తెలియక, ముసలమ్మ మాటకు ఆధారమేమిటని అడిగాడు. ఆధారాలు విరూపాక్షుల వారి దగ్గరే మూట కట్టి ఉన్నాయని ఆమె చెప్పింది. భటులు పరుగెత్తి తెచ్చారు. రాజు ఆ అరుగు మీదే కూర్చుని ఆకులు చదివాడు.

చదువుతూ చాలాసేపు ఉండిపోయాడు. మల్లె ఏ ఏడు ఏ రోజున మొదట విచ్చిందో నలభై ఏళ్ళ లెక్క అందులో ఉంది. ఒక్క ఏడూ అది మాఘంలో లేదు. కానీ ఆయన కళ్ళు వేరే మాటల దగ్గర ఆగాయి. తప్పు నాదే. బద్ధకించాను. తొందరపడ్డాను. మరిచిపోయాను. ఆకు తిప్పిన చోటల్లా అలాంటి మాట ఒకటి కనబడింది.

రాజు తల ఎత్తి విరూపాక్షుణ్ణి అడిగాడు.

"నీ పత్రాల్లో నీ తప్పు అని నువ్వు రాసుకున్నది ఒక్కటైనా ఉందా?"

"ఒక్కటి కూడా లేదు ప్రభూ" అన్నాడు విరూపాక్షుడు. అన్నాక ఆ మాట తన మీదికే వచ్చిందని అర్థమైంది. పాగా సర్దుకోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

రాజు కాలపత్రాన్ని అక్కడే చింపించాడు. విరూపాక్షుణ్ణి కొలువు నుంచి తీసేసి, ఊరి చివర ఒక ముక్క నేల ఇచ్చాడు. మూడు ఋతువులు తన చేతులతో సాగుచేసి, చూసింది చూసినట్టు రాసి తెమ్మన్నాడు.

తర్వాత నాంచారమ్మ వైపు తిరిగి, రాజోద్యానం ఆమె చేతికి అప్పగిస్తానన్నాడు. ఊరి పెరళ్ళన్నిటికీ ఇకపై ఆమె రాసిందే శాసనమన్నాడు.

ఆమె అందుకూ ఒప్పుకోలేదు. తన పెరటి మట్టి వేరు, పడమటి వీధి మట్టి వేరు. ఇక్కడ కూర్చుని అక్కడి వాళ్ళకు రోజు చెబితే తానూ విరూపాక్షులవారి పనే చేసినట్టవుతుందని చెప్పింది.

"అయితే నీకేం కావాలి?" అన్నాడు రాజు.

"మీ దండోరా వీధి దాకానే రావాలి. మా దడి దాటకూడదు."

రాజుకు ఆ మాట మింగుడు పడలేదు. అంత సూటిగా ఆయనతో ఎవరూ మాట్లాడి ఉండలేదు. కాసేపు మోడు తీగ వైపు చూశాడు. చివరికి సరేనన్నాడు. ఆ రోజు సాయంత్రమే దండోరా వేసి ఆ మాట ఊరంతా చెప్పించాడు. దండోరా వేసే మనిషి ఏ పెరట్లోకీ తొంగి చూడకుండా వీధి మధ్యలోనే నడిచి వెళ్ళాడు. బావి దగ్గర భటుడు లేచి ఇంటికి పోయాడు.

చైత్రం వచ్చింది. ఊరంతా మల్లెలు మొగ్గ తొడిగాయి. రాణిగారికి మల్లెలు కావాలని కోట నుంచి ఒక భటుడు నాంచారమ్మ ఇంటికి వచ్చాడు. ఆమె తీగను చూపించింది. మొగ్గలు ఇంకా గట్టిగా ఉన్నాయి, రేపు సాయంత్రానికి గానీ విచ్చవు, రేపు రమ్మంది. రాజుగారికి ఆ మాట ఎలా చెప్పనని భటుడు గింజుకున్నాడు. ఉన్నమాట చెప్పమని ఆమె పంపించేసింది.

మర్నాడు సాయంత్రం భటుడు రాలేదు. ప్రతాపకేతుడే నడిచి వచ్చాడు. దడి బయట నిలబడ్డాడు. నాంచారమ్మ నీళ్ళు పోస్తూ, ఇంకాస్త పొద్దు వాలాలంది. రాజు సరేనని, అక్కడే, మొదటి మొగ్గ విచ్చేదాకా నిలబడి ఉన్నాడు.

కాబట్టి పిల్లలూ, తన తప్పును దాచకుండా చెప్పగల మనిషి, ఎంతటివాడు బెదిరించినా నిజం చెప్పడానికి వెనకాడనక్కర్లేదు. ఆ నిజం ముందు రాజైనా ఆగి నిలబడక తప్పదు.